సరదా మనిషి నాన్నకు సంస్మరణ సభ: ఫోను భద్రం చెయ్యడం నుంచి పుస్తకం అచ్చు దాకా

సంస్మరణ సభల్లో పది మంది మాట్లాడతారు. పది మందీ "మృదుస్వభావి, నిగర్వి, ఆదర్శ తండ్రి" అంటారు. వేదిక మీది ఫొటో తీసి ఇంకొకాయనది పెట్టినా ఆ ఉపన్యాసాలు చక్కగా సరిపోతాయి. బతికినన్నాళ్ళూ ఇంటిల్లిపాదినీ నవ్వించిన మనిషికి ఇలాంటి సభ పెడితే వచ్చినవాళ్ళు గడియారం చూసుకుంటారు, ఇంట్లోవాళ్ళకు ఏదో వెలితి మిగిలిపోతుంది. హాలు బాగుంటుంది, పూలు బాగుంటాయి, భోజనాలూ బాగుంటాయి. ఆయన మాత్రం అక్కడ ఉండడు. ఆయన గొంతు, ఆయన ఊతపదాలు, ఆయన చేసిన అల్లరి ముందుగా పోగు చేసుకుంటేనే సభలో ఆయన కనిపిస్తాడు. అందుకే ఈ పనిలో మూడొంతులు సభకు ముందే ఉంటుంది.

తేదీ, సమయం, చోటు

పెద్దకర్మ రోజే సభ కూడా కానిచ్చేస్తే ఒక పనైపోతుందని చాలామంది అనుకుంటారు. వద్దు. ఆ రోజుకు అమ్మ పది రోజుల అలసటతో ఉంటుంది. పొద్దున్నంతా కర్మకాండ, మధ్యాహ్నం భోజనాలు, ఆ వెంటనే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు బస్సు టైము. నవ్వొచ్చినా పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని ఆపుకుంటారు. కర్మ రోజు కర్మ చేసుకోండి. సభను రెండు మూడు నెలల తర్వాత వచ్చే ఆయన పుట్టినరోజుకో, పెళ్ళిరోజుకో, అదీ కుదరకపోతే సంవత్సరీకానికి ముందు వచ్చే ఆదివారానికో పెట్టుకోండి. ఆరు వారాలకన్నా తక్కువ వ్యవధి ఉంటే ఇక్కడ చెప్పబోయే పనులు సగంలో ఆగిపోతాయి. క్రైస్తవ కుటుంబాల్లో జ్ఞాపకార్థ కూడిక ఎటూ ఉంటుంది కాబట్టి, వాక్యం అయ్యాక గంటసేపు దీనికి అడిగి ఉంచుకుంటే చాలు.

మొదట అమ్మను అడగాలి. ఆమె ఇప్పుడే వద్దంటే వాయిదా వెయ్యండి, నచ్చజెప్పకండి. తర్వాత పెద్దవాళ్ళు. కొన్ని ఇళ్ళల్లో సంవత్సరీకం దాకా పాటా ఆటా పనికిరావంటారు. మేనత్తకు అలాంటి పట్టింపు ఉంటే సభనాడు అలిగి కూర్చోవడం కన్నా ముందే ఆమెకు పెద్దరికం ఇవ్వడం నయం. "అత్తా, నాయిన గొంతు అందరికీ వినిపిద్దామనుకుంటున్నం, నువ్వు ముందల కూసుంటే మంచిగుంటది" అంటే సాధారణంగా కాదనరు.

హైదరాబాద్‌లో అన్ని ఆదివారాలూ ఒకలా ఉండవు. ఆషాఢంలో ఒక వారం సికింద్రాబాద్ బోనాలు, ఒక వారం లాల్‌దర్వాజ బోనాలు, ఆ తర్వాత బస్తీ బస్తీకీ విడిగా ఉంటాయి. చుట్టాల్లో సగం మంది ఎవరింటి బోనం వాళ్ళు చూసుకోవాలి, రారు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ ఎగ్జిబిషన్ కాబట్టి నాంపల్లి చుట్టుపక్కల హాలు తీసుకుంటే వచ్చేవాళ్ళ ఓపికంతా రోడ్డు మీదే అయిపోతుంది. గణేశ్ నిమజ్జనం సంగతి చెప్పనక్కర్లేదు. ముహూర్తాలు గట్టిగా ఉన్న ఆదివారమైతే హాలూ దొరకదు, వంటవాళ్ళూ దొరకరు.

చోటు విషయంలో మెట్రోకు దగ్గరగా ఉండటం పెద్ద సుగుణం. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఇలాంటి సభలకు అలవాటైన చోట్లు. చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ స్టేషన్ల నుంచి వెళ్ళొచ్చు. అరవై మంది లోపైతే మీ అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలే మేలు. పెద్ద హాల్లో జనం దూరదూరంగా కూర్చుంటే నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఎనభై మంది వస్తారనుకుంటే అరవై కుర్చీలే వేయించండి, మిగతావి గోడ వారగా పెట్టి ఉంచి, జనాన్ని బట్టి వేసుకుంటూ పోండి.

పిల్లలు అమెరికాలో ఉంటే సాయంత్రం 4 గంటల సభ వాళ్ళకు నరకం. మనకు సాయంత్రం 6:30 అంటే వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం 9, కాలిఫోర్నియాలో 6. చలికాలంలో ఇంకో గంట ముందు. జూమ్ ఉచిత ఖాతాలో గ్రూప్ కాల్ 40 నిమిషాలకే తెగిపోతుంది. సరిగ్గా చిన్నకూతురు మాట్లాడేటప్పుడే తెగుతుంది కూడా. ఒక నెలకు డబ్బు కట్టేసుకోండి. అక్కణ్ణుంచి మాట్లాడేవాళ్ళ మాటలు మాత్రం లైవ్‌లో వద్దు. ఫోను అడ్డంగా పట్టుకుని రెండు నిమిషాల వీడియో తీసి వారం ముందే పంపమనండి.

అన్నిటికన్నా ముందు ఫోను

ఆయన గొంతు ఎక్కువగా దొరికేది వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలో. అవి పోవడానికీ ఎక్కువ రోజులు పట్టదు. "నాన్న ఫోను ఊరికే పడుంది కదా" అని మనవడికి రీసెట్ చేసి ఇచ్చేయడం ఎన్నో ఇళ్ళల్లో జరిగే పని. అందుకని మొదటి వారంలోనే ఈ నాలుగూ చెయ్యండి.

ఫోనుకు ఛార్జింగ్ పెట్టి, స్క్రీన్ లాక్ నంబరు ఎవరికి తెలుసో కనుక్కుని కాగితం మీద రాసిపెట్టండి. రీస్టార్ట్ అయ్యాక ఆ నంబరు లేకుండా ఫోను తెరుచుకోదు. కాబట్టి నంబరు తెలిసేదాకా ఆఫ్ చెయ్యకండి.

సిమ్‌కు రీఛార్జి ఆపకండి. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకుండా వదిలేస్తే కంపెనీ ఆపేయవచ్చు, తర్వాత ఆ నంబరు వేరేవాళ్ళకు వెళ్తుంది. బ్యాంకు ఓటీపీల కోసం ఎలాగూ కొన్నాళ్ళు అవసరమే. వాట్సాప్ కూడా 120 రోజులు ఎవరూ తెరవకపోతే ఖాతాను తీసేస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోనైతే ఫైల్ మేనేజర్‌లో ఆండ్రాయిడ్, మీడియా, కామ్ డాట్ వాట్సాప్, వాట్సాప్, మీడియా, వాట్సాప్ వాయిస్ నోట్స్ అనే దారిలో వెళ్ళండి. అక్కడ ఏడాదీ వారం అంకెలతో చిన్న చిన్న ఫోల్డర్లు ఉంటాయి. వాయిస్ నోట్స్ ఫోల్డర్ మొత్తాన్ని కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి. మామూలు ప్లేయర్‌లో మోగకపోతే వీఎల్‌సీ ప్లేయర్‌లో మోగుతాయి. వందల్లో ఉన్నా భయపడకండి, ఒక్కోటీ పది ఇరవై సెకన్లే. "వచ్చేటప్పుడు పెరుగు తే, మొన్నటిలాగా పులిసింది తేకు" లాంటివే అన్నిటికన్నా విలువైనవి. పండగ శుభాకాంక్షల ఫార్వర్డులను పక్కన పెట్టండి.

ఇక మీ కుటుంబ గ్రూపులో ఎవరైనా డిసప్పియరింగ్ మెసేజెస్ (కొన్నాళ్ళకు మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగు) ఆన్ చేసి ఉంటే వెంటనే ఆపండి. చుట్టాలందరికీ ఒక మాట చెప్పండి: ఫొటోలు, వీడియోలు మామూలుగా పంపితే వాట్సాప్ వాటిని బాగా కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా జతచేసి పంపాలి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల వంద ఫొటోలొచ్చినా పెద్దది చెయ్యడానికి ఒక్కటీ పనికిరాదు.

పాత క్యాసెట్లు

అటక మీద పెళ్ళి వీడియో క్యాసెట్ ఉంటే దాన్ని వీసీఆర్‌లో పెట్టేముందు కిటికీ లాంటి గాజులోంచి టేపు చుట్టను చూడండి. అంచున తెల్లటి పొడిలా ఉంటే అది బూజు. అలాగే ఆడిస్తే టేపు పాడవుతుంది, హెడ్డుకూ బూజు అంటి తర్వాత పెట్టిన క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. శుభ్రం చేసిచ్చేవాళ్ళకే ఇవ్వాలి. మూడు గంటల క్యాసెట్ ఎక్కించడానికి మూడు గంటలూ పడుతుంది, కాబట్టి అరగంటలో ఇస్తామన్నవాళ్ళను నమ్మకండి.

స్టూడియోవాళ్ళకు రెండు మాటలు కాగితం మీద రాసి ఇవ్వండి. ఒకటి, కోత లేకుండా మొత్తం ఎంపీ4 ఫైలుగా ఇవ్వాలి. రెండు, పాట కలపకూడదు, గుండె ఆకారాలూ పూలరేకులూ రాల్చకూడదు. పాత పెళ్ళి వీడియోల్లో అప్పటి స్టూడియోలే ముప్పావు భాగం మీద సినిమా పాటలు పరిచేశాయి. అసలు శబ్దం మిగిలేది ఎక్కువగా చివర్లో, భోజనాల దగ్గర, అప్పగింతలయ్యాక కెమెరా ఆపడం మర్చిపోయినప్పుడు. నాన్న గొంతు కోసం అక్కడ వెతకండి.

ఆడియో క్యాసెట్లయితే ఇంట్లోనే ఎక్కించుకోవచ్చు. టేపు వెనక ఉండే చిన్న మెత్త ఊడిపోయిందేమో చూడండి. అది లేకపోతే శబ్దం మసకబారుతుంది. వేరే క్యాసెట్ నుంచి తీసి అతికించుకోవచ్చు. పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులను విరగ్గొట్టండి, లేకపోతే పొరపాటున రికార్డ్ బటన్ నొక్కి చెరిపేసుకుంటారు. ఆడించేముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పండి. 90 నిమిషాల క్యాసెట్ టేపు 60 నిమిషాలదాని కన్నా పలచగా ఉంటుంది కాబట్టి మెల్లిగా. టూ ఇన్ వన్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కు వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేవ్ ఫైలుగా రికార్డు చెయ్యండి. ఎంత గట్టిగా మాట్లాడిన చోటైనా మీటరు మైనస్ 6 దాటకూడదు. దాటితే గొంతు పగిలినట్టవుతుంది, తర్వాత బాగుచేయలేం.

ఏ ఫొటో, ఎంత పెద్దది

దండ వేసే ఫొటో కోసం తొందరలో ఆధార్ కార్డు ఫొటోనో, పెళ్ళి గ్రూపు ఫొటోలోంచి తల కత్తిరించి నీలం తెర మీద కోటు తొడిగిందో పెట్టేస్తారు. అది ఆయన కాదు. పళ్ళు కనిపించేలా నవ్వుతున్న ఫొటో ఒకటి ఎక్కడో ఉంటుంది. మీ దగ్గర లేకపోతే ఆయన స్నేహితుల దగ్గర ఉంటుంది, వెతకండి. స్టూడియోలో అడక్కుండానే ముఖం తెల్లగా చేసి, జుట్టు నల్లగా చేసి, పుట్టుమచ్చ తీసేస్తారు. "గీతలు మాత్రం తీసెయ్యండి, మనిషిని ముట్టుకోవద్దు" అని చెప్పండి.

12 బై 18 అంగుళాల ప్రింటు దగ్గర్నుంచి చూసినా బాగుండాలంటే ఫైలు 3600 బై 5400 పిక్సెళ్ళు ఉండాలి. నాలుగడుగుల దూరం నుంచి చూసేదైతే అందులో సగం కొలతలు చాలు. పాత 4 బై 6 ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 2400 బై 3600 వస్తుంది, అంటే సభకు నిక్షేపంగా సరిపోతుంది. లామినేషన్ మెరుపుది వద్దు, మ్యాట్‌ది చేయించండి. మెరుపుదైతే ఎవరు ఫొటో తీసినా ఆయన ముఖం మీద ట్యూబులైటే పడుతుంది.

జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోను గోటితో లాగితే చిరుగుతుంది. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని కిందినుంచి రంపంలా మెల్లిగా జరుపుతూ రండి. ఫ్రేము గాజుకే అంటుకుపోయిన ఫొటోను అసలు పీకకండి, గాజుతో సహా స్కాన్ చేసుకోండి. ప్రతి ఫొటో వెనక వైపు కూడా స్కాన్ చెయ్యాలి. స్టూడియో ముద్ర, తేదీ, ఆయన చేత్తో రాసిన రెండు ముక్కలు అక్కడే ఉంటాయి.

ఫ్లెక్సీ చేయిస్తే "శ్రద్ధాంజలి"లో ద కింద ధ వత్తు పడిందో లేదో ప్రింటుకు ముందు చూసుకోండి. దుకాణం వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉండే నమూనాల్లో దీన్ని చాలాసార్లు తప్పు రాసి ఉంచుతారు.

జ్ఞాపకాలు అడిగే పద్ధతి

అసలు పని ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవి.

"నాన్న గురించి నాలుగు మాటలు చెప్పండి అంకుల్" అని అడిగితే నాలుగు మాటలే వస్తాయి, అవి ఎవరికైనా సరిపోయే మాటలు. చోటు గురించి, తిండి గురించి, డబ్బు గురించి, ఓడిపోయినప్పుడు ఏం చేసేవాడన్న దాని గురించి అడగండి. మధ్యాహ్నం బాక్సు ఎక్కడ కూర్చుని తినేవారు? ఇరానీ హోటల్లో బిల్లు ఎవరు కట్టేవారు, కట్టకుండా ఎలా తప్పించుకునేవారు? మిమ్మల్ని ఏ పేరుతో పిలిచేవాడు? బాస్‌ను ఎలా అనుకరించేవాడు? స్కూటర్ స్టార్ట్ కాకపోతే దాన్ని ఏమని తిట్టేవాడు? పేకాటలో ఏం మోసం చేసేవాడు? సినిమాకు టికెట్లు దొరక్కపోతే ఏం చేసేవాడు?

తేడా చూడండి. పాత ఆఫీసు స్నేహితుడొకాయన మొదట "చాలా జోవియల్ మనిషి, అందరితో కలిసిపోయేవాడు" అంటాడు. బాక్సు సంగతి అడిగారనుకోండి: "క్యాంటీన్ ఎనక మెట్ల మీద తినేది, ఐదుగురం. మీ నాన్న తన బాక్సు అందరికన్నా ఆఖర్ల తీసేటోడు. ముందుగాల అందరి కూరలు జూసి, ఎవరిది మంచిగుంటే వాని దగ్గరికి పోయి 'ఉప్పెక్కువైనట్టుంది, ఏదీ సూడనీ' అని సగం ఊడ్సేటోడు. ఆఖరికి మా ఇంటామె ఉప్పు సూసేటోళ్ళకని ఇంకో డబ్బా పంపుడు షురూ చేసింది." ఇప్పుడు మీ చేతిలో ఒక చోటు ఉంది, ఆయన నోటి మాట ఉంది, చివరికి ఏమైందో ఉంది. ఈ మూడూ దొరికేదాకా అడుగుతూనే ఉండండి. మూడూ ఉన్న జ్ఞాపకం ఎవరు చెప్పినా పండుతుంది.

ఎవరిని అడగాలన్నదాంట్లో చుట్టాల దగ్గరే ఆగిపోకండి. ఇందిరా పార్కులో పొద్దున్నే కలిసి నడిచినవాళ్ళు, క్యారమ్స్ జోడీ, ఆయనకు ముప్పై ఏళ్ళు కటింగ్ చేసిన మంగలి, వీధి చివర చాయ్ హోటల్ గల్లా దగ్గర కూర్చునే మనిషి, వాచ్‌మన్. ఇంట్లో గంభీరంగా ఉండే నాన్నలు కూడా బయట వేరేగా ఉంటారు. ఇద్దరు స్నేహితులను కలిపి కూర్చోబెడితే ఇంకా మంచిది. ఒకరు చెప్తుంటే రెండోవారు "అరే అట్ల గాదు భాయ్" అని అడ్డం తగులుతారు, ఆ తగాదాలోనే అసలు కథ బయటపడుతుంది.

రికార్డు చేసేటప్పుడు ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మాట్లాడేవాళ్ళకు అడుగు దూరంలో, కింద మడిచిన తువ్వాలు వేసి పెట్టండి. నేరుగా బల్ల మీద పెడితే చాయ్ గ్లాసు పెట్టిన ప్రతిసారీ ఢామ్మని వినిపిస్తుంది. సీలింగ్ ఫ్యాన్ తగ్గించండి, కుక్కర్ పెట్టవద్దని వంటింట్లో చెప్పండి. ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. ఎక్కువైతే పెద్దవాళ్ళు అలసిపోయి తమ ఆరోగ్యం గురించి చెప్పడం మొదలుపెడతారు. రాసుకునేటప్పుడు వాళ్ళ యాసను దిద్దకండి. పైన చెప్పిన ఉప్పు కథను గ్రాంథికంలోకి మారిస్తే చప్పబడిపోతుంది.

పోగైనవాటిని మూడు కుప్పలుగా వేరు చెయ్యండి. హాల్లో చెప్పగలిగేవి, అన్నదమ్ములు బావామరదులు మాత్రమే కూర్చున్నప్పుడు చెప్పుకునేవి, ఎక్కడా చెప్పకూడనివి. కొలత సులువు: నవ్వు నాన్న మీద పడాలి, లేదా చెప్పేవాళ్ళ మీద పడాలి. హాల్లో కూర్చున్న వేరేవాళ్ళ మీద పడితే తీసెయ్యండి. అప్పులు, మందు, ఆస్తి పంపకాల దాకా వెళ్ళే కథలు ఎంత నవ్వొచ్చేవైనా రెండో కుప్పలోకే. అమ్మకు మొదటి కుప్ప మొత్తం ముందే చదివి వినిపించండి. ఆమె ఒకటి రెండు తీయిస్తుంది, నాలుగు కొత్తవి కలుపుతుంది.

సభ నడిపే తీరు

మొత్తం తొంభై నిమిషాలు. వేదిక మీద కుర్చీల వరస వద్దు, అధ్యక్షుడు వద్దు. కుర్చీలు వేస్తే వాటిలో ఎవరు కూర్చోవాలన్న పంచాయితీ వస్తుంది, కూర్చున్నవాళ్ళంతా మాట్లాడి తీరాలి. ఒక మైకు, ఒక స్టాండు చాలు. స్థానిక నాయకుడెవరైనా వస్తారని తెలిస్తే ఆయన చేత మొదటే పూలమాల వేయించి, రెండు నిమిషాలు మాట్లాడించి, గౌరవంగా సాగనంపండి. మధ్యలో వస్తే సభ ఆగిపోతుంది, అందుకే టైము ముందే ఫోనులో ఖాయం చేసుకోవాలి.

నడిపించే మనిషి కొడుకో కూతురో కాకూడదు. వాళ్ళ గొంతు పూడుకుపోతే ఎత్తుకునేవాళ్ళుండరు. అల్లుడో, బాబాయి కొడుకో, నలుగురిలో మొహమాటం లేకుండా "పెదనాన్నా, ఇంక చాలు" అనగలిగేవాళ్ళు కావాలి.

రెండు నిమిషాల మౌనం తర్వాత వెంటనే ఆయన గొంతు వినిపించండి. నలభై సెకన్లకు మించకుండా, నవ్వొచ్చే వాయిస్ మెసేజ్ ఒకటి. హాలు ఒక్కసారి ఏడుస్తుంది, ఆ వెంటనే నవ్వుతుంది. ఇక్కడ నవ్వొచ్చని అందరికీ అర్థమైపోతుంది, ఎవరూ అనుమతి అడగక్కర్లేదు. తర్వాత ఏడుగురు వక్తలు, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ఎవరు ఏ కథ చెప్పాలో ముందే పంచెయ్యండి, లేకపోతే ముగ్గురు ఒకే కథ చెప్తారు. మొదట ఆఫీసు స్నేహితుడు, మధ్యలో కూతురు, చివర్లో బాగా అనుకరించి చూపించగల బావమరిది. కూతురిని మొదటే నిలబెడితే సభ మళ్ళీ లేవదు.

ఫొటోలు డెబ్బై చాలు. ఒక్కోటి ఆరు సెకన్లు చొప్పున ఏడు నిమిషాలవుతుంది. పవర్‌పాయింట్ ఫైలును హాలు వాళ్ళ కంప్యూటర్లో తెరిస్తే తెలుగు అక్షరాలు డబ్బాలుగా మారొచ్చు, కాబట్టి దాన్ని వీడియోగా మార్చి తీసుకెళ్ళండి. ల్యాప్‌టాప్ నుంచి సౌండ్ మిక్సర్‌కు వెళ్ళే 3.5 ఎంఎం వైరు సొంతంగా తీసుకెళ్ళాలి. హాలు వాళ్ళు ఉందంటారు, ఆ రోజు దొరకదు. కార్డ్‌లెస్ మైకుకు కొత్త బ్యాటరీలు వేయించండి. గంట ముందే ఆయన గొంతును హాలు స్పీకర్లలో వేసి, వెనక వరసలో కూర్చుని వినండి. వాయిస్ మెసేజ్‌ల శబ్దం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, అన్నిటినీ ఆడాసిటీలో ఒకే స్థాయికి తెచ్చుకుని ఉంచండి.

పిల్లల కోసం "తాతయ్య క్విజ్" పది ప్రశ్నలు పెట్టొచ్చు. తాతయ్య చాయ్‌లో ఎన్ని బిస్కెట్లు ముంచేవాడు, చార్మినార్ చూపిస్తానని తీసుకెళ్ళి ముందు ఏ దుకాణం దగ్గర ఆపేవాడు లాంటివి. తంబోలా, పేకాట లాంటివి మాత్రం హాల్లో వద్దు, మర్నాడు ఇంట్లో పెట్టుకోండి.

తిండి

క్యాటరింగ్ వాళ్ళు ఇచ్చే జాబితా పక్కన పడేసి, ఆయన ఏం తినేవాడో అదే పెట్టండి. సాయంత్రం సభకు భోజనం అక్కర్లేదు. ఎనభై మందికి ఇరానీ చాయ్ గ్లాసు వంద మిల్లీలీటర్ల చొప్పున, సగం మంది రెండోసారి అడుగుతారు కాబట్టి పన్నెండు లీటర్లు. డికాక్షన్, పాలు వేర్వేరు డ్రమ్ముల్లో తెప్పించి అక్కడే కలపాలి. కలిపి తెస్తే గంటకే మీగడ కట్టి రుచి చచ్చిపోతుంది. ఉస్మానియా బిస్కెట్లు మనిషికి మూడు లెక్కన 240. మిర్చి బజ్జీ పెడితే అక్కడికక్కడ వేయించాలి, డబ్బాల్లో వచ్చినవి మెత్తబడతాయి. సభ అయ్యాకే పెట్టండి. ముందే పెడితే జనం చాయ్ దగ్గరే ఆగిపోయి సగం హాలు ఖాళీగా ఉంటుంది. బిర్యానీ పెట్టాలన్న కోరిక ఉంటే సంవత్సరీకం దాకా మాంసం ముట్టనివాళ్ళు ఎవరెవరో చూసుకోండి.

చిన్న పుస్తకం

సభ రోజుకే పుస్తకం తేవాలని తొందరపడకండి. సభలో బయటపడే కథలే మంచివి. అవి కూడా చేర్చి సంవత్సరీకానికి తెండి.

డెమ్మీ 1/8 సైజులో (మామూలు తెలుగు పుస్తకాల సైజు) పదహారు పేజీలు ఒక ఫారం. మూడు ఫారాలు, అంటే 48 పేజీలు ఒక మనిషి సరదాకు హాయిగా సరిపోతాయి. లోపలికి 70 జీఎస్ఎం (కాగితం బరువుకు కొలత) మ్యాప్‌లిథో కాగితం, ఫొటోల పేజీలకు 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు, అట్టకు 300 జీఎస్ఎం. ఈ మందానికి మధ్యలో పిన్ను కొడితే చాలు, జిగురు బైండింగ్ అక్కర్లేదు. రెండు మూడు వందల లోపు కాపీలకు డిజిటల్ ప్రింటు, అంతకు మించి వేస్తేనే ఆఫ్‌సెట్. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా అంతే పడుతుంది మరి. ఎన్ని కుటుంబాలకు ఇవ్వాలో లెక్కేసి, ఇరవై ఎక్కువ వేయించండి.

తెలుగు అచ్చులో ఒక మెలిక ఉంది. మీరు ఫోనులో కొట్టేది యూనికోడ్. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లు. మార్చేటప్పుడు పొల్లు దగ్గర తేడా కొడుతుంది: "ఆఫీస్‌లో" అని మీరు కొట్టింది "ఆఫీస్లో" అని స కింద ల వత్తుతో వస్తుంది. కొటేషన్ గుర్తులు, అంకెలు కూడా మారిపోతాయి. నేరుగా యూనికోడ్‌తో ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తారా అని ముందే అడగండి. ఎలా చేసినా ప్రూఫు మూడుసార్లు, ముగ్గురు వేర్వేరు మనుషులు చూడాలి. మూడోవారు పేర్లూ వరసలూ మాత్రమే చూడాలి. మేనమామ ఇంటిపేరు తప్పు పడితే ఆ పుస్తకం గురించి పదేళ్ళు అదే మాట వినాలి.

ఆయన చేతిరాత తప్పకుండా పెట్టండి. సంతకం అందరూ పెడతారు. దానికన్నా కిరాణా చీటీ, పాల లెక్క, పేకాట పాయింట్ల కాగితం బాగుంటాయి. పెన్సిల్ రాతను కూడా రంగుల్లోనే స్కాన్ చెయ్యండి, నలుపు తెలుపులో చేస్తే సన్నగీతలు ఎగిరిపోతాయి.

తర్వాత ఏటేటా

తద్దినం తిథి ప్రకారం వస్తుంది, పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు పెద్దల పేరిట సాయిత్యం (బియ్యం, పప్పు, కూరగాయలు) ఇస్తారు. ఇవి ఎలాగూ జరిగేవే. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పది నిమిషాలు ఆయన గొంతు వేసుకోండి, ఏటా కొత్త క్లిప్పు. ఉన్నవన్నీ మొదటి ఏడే వేసెయ్యకండి.

దాచడానికి పెన్‌డ్రైవ్‌ను నమ్మవద్దు, ఏళ్ళ తరబడి డ్రాయర్లో పడి ఉంటే అందులోవి చెడిపోవచ్చు. రెండు హార్డ్ డిస్కులు, రెండు వేర్వేరు ఇళ్ళల్లో, ఇంకో కాపీ ఇంటర్నెట్‌లో. గూగుల్ ఖాతా రెండేళ్ళు ఎవరూ వాడకపోతే తొలగించే అవకాశం ఉంది, కాబట్టి నాన్న ఖాతాలోని ఫొటోలను అక్కడే వదిలెయ్యకుండా మీ ఖాతాలోకి తెచ్చుకోండి. ఫైలు పేరులో ముందు ఏడాది, తర్వాత ఎవరున్నారో, ఎక్కడో రాయండి. ఏటా పెత్రమాసకు డిస్కు తెరిచి ఒక పది ఫైళ్ళు ఆడించి చూడండి. తెరుచుకోనిది ఏదైనా ఉంటే ఆ వారంలోనే అన్నయ్య ఇంట్లో ఉన్న రెండో డిస్కు నుంచి మళ్ళీ కాపీ చేసుకోవాలి.